ఓటు వయసు కథ: ఇరవై ఒకటి నుండి పద్దెనిమిదికి

ప్రత్యేక సంచికకు ఒక చరిత్ర వ్యాసం వ్రాయమని మన కార్యవర్గం వారు కోరినప్పుడు, గోష్పాద క్షేత్రం గురించో గోదావరి వంతెనల గురించో వ్రాయమని కొందరు మిత్రులు సలహా ఇచ్చారు. ఆ విషయాలపై తెలిసిన పెద్దలు ఇదివరకే చాలా వ్రాశారు. నేను ఎంచుకున్న విషయం మనందరి చేతుల మీదుగా నడిచినది. మనలో ఎవరు ఏ శాఖలో పనిచేసినా, ఎన్నికల డ్యూటీ చేయనివారు అరుదు. పెట్టె మోసి, సిరా పూసి, జాబితాలో పేరు వెతికి, రాత్రికి లాంతరు వెలుగులో లెక్కలు వ్రాసి సీళ్ళు వేసినవాళ్ళం. ఆ జాబితాలో పేరు ఎక్కడానికి ఎంత వయసుండాలి? ఆ అంకెను ఎవరు పెట్టారు, ఎందుకు మార్చారు? అదే ఈ వ్యాస విషయం.

దీనికి ఇప్పుడు సందర్భం కూడా ఉంది. తమ పార్లమెంటు ఎన్నికలలో ఓటు వయసును 18 నుండి 16కు తగ్గిస్తామని బ్రిటన్ ప్రభుత్వం 2025 జూలైలో ప్రకటించింది. ఆ వార్త పత్రికలలో వచ్చినప్పటి నుండి, మనం నలుగురం కలిసిన చోట కూడా ఆ మాట దొర్లుతూనే ఉంది. ‘మూతిమీద మీసం రాని కుర్రాళ్ళకు ఓటేమిటండీ’ అని కొందరు, ‘సెల్‌ఫోనులో లోకమంతా చూస్తున్నారు, వాళ్ళకు తెలియనిదేముంది’ అని కొందరు. ఏ పక్షం వారైనా ఒకసారి వెనక్కి తిరిగి చూడడం మంచిది. ఈ వాదన మనకు కొత్త కాదు. వందేళ్ళుగా ఏదో ఒక రూపంలో నడుస్తున్నదే.

శిస్తు కట్టినవాడికే ఓటు

1919 చట్టం ప్రకారం మద్రాసు శాసనమండలికి 1920లో ఎన్నికలు జరిగాయి. అప్పుడు ఓటరుకు 21 ఏళ్ళు నిండాలన్న నియమం ఉంది. కాని అసలు అడ్డుగోడ వయసు కాదు, ఆస్తి. పల్లెల్లో నిర్ణీత మొత్తం శిస్తు కట్టే పట్టాదారుకు, పట్టణాల్లో ఇంటి పన్నో ఆదాయపు పన్నో కట్టేవారికి ఓటు. ధవళేశ్వరం ఆనకట్ట నీళ్ళు పారిన పొలాల్లో నాట్లు వేసి కోతలు కోసిన చేతులకు ఓటు లేదు. పాలేరుకు లేదు. ఇల్లు నడిపే ఇల్లాలికి కూడా మొదట లేదు. స్త్రీలు ఓటు వేయడానికి అడ్డుగా ఉన్న నిబంధనను 1921లో మద్రాసు శాసనమండలి తీర్మానం చేసి తొలగించింది. బ్రిటిషు పాలనలో ఉన్న రాష్ట్రాలలో ఆ పని మొదట చేసినది మన మద్రాసే. అయితే స్త్రీకి కూడా అదే ఆస్తి అర్హత ఉండాలి గనుక, ఆ ఓటు దక్కినవారు బహు కొద్దిమంది.

1935 చట్టం ఈ తలుపును మరికొంచెం తెరిచింది. చదువును కూడా అర్హతగా లెక్కించారు. మన సభ్యులకు ఆసక్తి కలిగించే సంగతి ఒకటి ఆ చట్టంలో ఉంది. సైన్యంలో పనిచేసి పింఛను పుచ్చుకుంటున్నవారికి, సైనికుల పింఛను వచ్చే వితంతువులకు, తల్లులకు ఆ కారణంగానే ఓటు అర్హత ఇచ్చారు. అంటే పింఛను కాగితం ఓటు కాగితంగా కూడా పనికివచ్చిన రోజులు కొన్ని ఉన్నాయన్నమాట! ఇంత తెరిచినా 1937 ఎన్నికలలో ఓటు హక్కు ఉన్నవారు జనాభాలో నూటికి పది పదిహేను మందికి మించలేదు.

అందరికీ ఓటిస్తే దేశం ఏమైపోతుందో అన్నది ఆనాటి పాలకుల వాదన. చదువు లేదు, ఆస్తి లేదు, బాధ్యత ఎక్కడినుండి వస్తుంది అనేవారు. ఈ మూడు మాటలను పాఠకులు గుర్తు పెట్టుకోవాలి. ముందు ముందు వయసు విషయంలోనూ ఇవే మళ్ళీ ఎదురవుతాయి.

ఓటు లేకపోయినంత మాత్రాన కుర్రకారు ఊరుకున్నదీ లేదు. 1907లో బిపిన్ చంద్రపాల్ రాజమండ్రి వచ్చి ప్రసంగించిన తరువాత, అక్కడి కళాశాల విద్యార్థులు వందేమాతరం బిళ్ళలు పెట్టుకుని తరగతులకు వెళ్ళారు. అందుకు ప్రతిఫలంగా గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారి వంటివారు కళాశాల నుండి బహిష్కృతులయ్యారు. ఓటు లేని వయసులోనే శిక్ష మాత్రం ఉండేది.

రాజమండ్రి ఆడపడుచు చెప్పిన మాట

వయోజనులందరికీ ఓటు ఉండాలని, ఆ వయసు 21 అని 1928లో మోతీలాల్ నెహ్రూ అధ్యక్షతన తయారైన నివేదిక సూచించింది. నాటికి ఇంగ్లాండులోనూ ఆ వయసే. పురుషులతో సమానంగా స్త్రీలకు 21 ఏళ్ళకే ఓటు అక్కడ కూడా 1928లోనే వచ్చింది. ఆ విధంగా 21 అన్న అంకె మనకు అరువు వచ్చిందే గాని, మన దేశంలో ఎవరో కూర్చుని ‘ఈ వయసుకే బుద్ధి వికసిస్తుంది’ అని తేల్చినది కాదు.

రాజ్యాంగ సభ 326వ అధికరణంలో ఆ 21నే ఉంచింది. చదువు, ఆస్తి, కులం, స్త్రీ పురుష భేదం అన్న అడ్డుగోడలన్నిటినీ ఒక్క దెబ్బకు పడగొట్టిన అధికరణం అది. 1951 జనాభా లెక్కల ప్రకారం దేశంలో అక్షరాస్యులు నూటికి 18 మంది. అటువంటి దేశంలో ప్రతి వయోజనుడికీ ఓటు ఇవ్వడం ఎంత పెద్ద సాహసమో ఊహించుకోవచ్చు.

వయసు గురించి రాజ్యాంగ సభలో జరిగిన ఒక చర్చలో మన గోదావరి గొంతు వినిపించింది. రాజమండ్రిలో 1909లో పుట్టిన దుర్గాబాయి గారు (తరువాత దుర్గాబాయి దేశ్‌ముఖ్) ఆ సభలో సభ్యురాలు. రాజ్యసభ సభ్యత్వానికి కనీస వయసు 35 ఏళ్ళు ఉండాలని 1949 మే నెలలో డాక్టర్ అంబేద్కర్ గారు ప్రతిపాదించినప్పుడు, దానిని 30 చేయాలని ఆమె సవరణ పెట్టారు. వయసు పెరిగితే వివేకం పెరుగుతుందని పూర్వం అనుకునేవారు గాని, ఈ కాలపు పిల్లలకు బాధ్యత ముందే తెలుస్తున్నదని ఆమె వాదన సారాంశం. ఆ సవరణ నెగ్గింది. ఇవాళ్టికీ రాజ్యసభకు 30 ఏళ్ళు చాలు.

ఈ మాట అనడానికి ఆమెకు అర్హత ఉంది. 1923లో కాకినాడ కాంగ్రెసు మహాసభల సందర్భంగా జరిగిన ప్రదర్శనలో, టికెట్టు లేదని జవహర్‌లాల్ నెహ్రూ గారినే గుమ్మం దగ్గర ఆపిన వాలంటీరు ఆమె. అప్పటికి ఆమె వయసు 14 ఏళ్ళు. నిర్వాహకులు టికెట్టు తెచ్చి ఇచ్చిన తరువాతే లోపలికి పంపింది. నియమం పెద్దా చిన్నా చూడదని పధ్నాలుగేళ్ళ పిల్లకు తెలిసింది. మన ఎన్నికల డ్యూటీలలో నలభై ఏళ్ళు దాటిన కొందరు నాయకులకు ఆ సంగతి నచ్చచెప్పలేక మనం ఎంత అవస్థపడ్డామో వేరే చెప్పనక్కరలేదు.

పద్దెనిమిదికి ఉద్యోగం, ఇరవై ఒకటికి ఓటు

మొదటి సార్వత్రిక ఎన్నికలు 1951 అక్టోబరు నుండి 1952 ఫిబ్రవరి దాకా జరిగాయి. అప్పటికి కొవ్వూరు మద్రాసు రాష్ట్రంలోనిది. దేశం మొత్తం మీద ఓటర్లు 17 కోట్ల పైచిలుకు. ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క పెట్టె, పెట్టె మీద గుర్తు. ఉత్తరాది రాష్ట్రాలలో ఎక్కువగా, తమ పేరు చెప్పకుండా ‘ఫలానావారి భార్య’, ‘ఫలానావారి కూతురు’ అని వ్రాయించుకున్న సుమారు 28 లక్షల మంది స్త్రీల పేర్లను జాబితాల నుండి తీసివేయవలసి వచ్చింది. హక్కు రాజ్యాంగంలో ఉన్నా, పేరు జాబితాలో లేకపోతే అది లేనట్టే అన్న పాఠం మొదటి ఎన్నికలలోనే వచ్చింది.

ఇక నా అనుభవం. నా పుట్టిన తేదీ సర్వీసు రిజిస్టరు ప్రకారం 1-7-1948. మా అమ్మ లెక్క వేరే ఉండేది. బడిలో వేసిన రోజున హెడ్మాస్టరు గారు వ్రాసిందే ఖాయం. మనలో చాలామందికి జూలై 1న పుట్టినరోజు ఎందుకు వచ్చిందో, జూన్ 30న ఎందుకు రిటైరయ్యామో తెలియనిది కాదు. 18 ఏళ్ళు నిండగానే 1966లో గుమాస్తాగా ఉద్యోగంలో చేరాను. 1967 ఫిబ్రవరిలో సార్వత్రిక ఎన్నికలు వచ్చాయి. మెట్టనున్న ఒక పల్లెలో నన్ను పోలింగు ఆఫీసరుగా వేశారు. నా పని ఓటర్ల వేలికి సిరా పూయడం.

మధ్యాహ్నం కాస్త తీరికగా ఉన్నప్పుడు ఒక ముసలమ్మ వేలు చాపి, ‘బాబూ, నువ్వు వేసుకున్నావా ఓటు?’ అని అడిగింది. ‘నాకు లేదమ్మా, వయసు చాలదు’ అన్నాను. ఆవిడ నవ్వి, ‘ఓటు లేనోడివి మా ఓట్లకి కాపలా ఏంటయ్యా?’ అంది. ప్రిసైడింగు ఆఫీసరుగా వచ్చిన పెద్దాయన కూడా నవ్వారు. నేను మాత్రం ఆ మాట మరువలేకపోయాను. ప్రభుత్వం నన్ను నమ్మి జీతం ఇస్తున్నది. ఎన్నికల కాగితాలు, సిరా సీసా నా చేతికి ఇచ్చింది. నా పేరు మాత్రం ఆ జాబితాలో లేదు. నాకు 21 నిండినది 1969 జూలైలో. అర్హత తేదీ జనవరి 1 గనుక మరో ఆరు నెలలు ఆగి 1970 జాబితాలో ఎక్కాను. మొదటి ఓటు వేసినది 1971 మార్చి లోక్‌సభ ఎన్నికలలో, పోస్టల్ బ్యాలెట్టు మీద.

ఇది నా ఒక్కడి సంగతి కాదు. 1875 నాటి మెజారిటీ చట్టం ప్రకారం 18 ఏళ్ళు నిండినవాడు మేజరు. పొలం అమ్ముకోవచ్చు, నోటు వ్రాసి అప్పు తీసుకోవచ్చు, కోర్టులో దావా వేయవచ్చు, పన్ను కట్టాలి. అంతకంటే ముందే సైన్యంలో చేరవచ్చు. 1962లో, 1965లో, 1971లో సరిహద్దులకు వెళ్ళినవారిలో ఓటు లేని కుర్రవాళ్ళు ఎందరో ఉన్నారు. ప్రాణం ఇవ్వడానికి చాలిన వయసు, ఓటు ఇవ్వడానికి చాలదన్నమాట.

అమెరికాలో ఈ వాదనే వియత్నాం యుద్ధకాలంలో బలపడి, 1971లో రాజ్యాంగ సవరణ ద్వారా అక్కడ 21ని 18 చేసింది. బ్రిటన్ అంతకు ముందే 1969లో చట్టం చేసింది. మనం ఎవరి దగ్గర 21 అరువు తెచ్చుకున్నామో వారే దానిని వదులుకున్నా, మనం మరో ఇరవై ఏళ్ళు పట్టుకుని కూర్చున్నాము.

అరవై ఒకటవ సవరణ

మన దేశంలో మార్పు ఢిల్లీలో మొదలు కాలేదు. పంచాయతీలు, మునిసిపాలిటీల వంటి స్థానిక సంస్థల ఎన్నికలకు చాలా రాష్ట్రాలు అప్పటికే 18 ఏళ్ళను అర్హతగా పెట్టుకున్నాయి. ఆ సంగతిని పార్లమెంటు బిల్లులోనే కారణంగా చూపించారు. యువకులు చదువుకున్నవారు, రాజకీయ చైతన్యం ఉన్నవారు, ఇంతవరకు ప్రాతినిధ్యం లేని వారికి తమ అభిప్రాయం చెప్పుకునే అవకాశం ఇవ్వాలి అన్నవి మిగిలిన కారణాలు.

రాజీవ్ గాంధీ గారు ప్రధానిగా ఉండగా, 1988 డిసెంబరు 13న కేంద్రమంత్రి బి. శంకరానంద్ గారు ఈ బిల్లును లోక్‌సభలో ప్రవేశపెట్టారు. 15న లోక్‌సభ, 20న రాజ్యసభ ఆమోదించాయి. వారం రోజుల పని! సగానికి పైగా రాష్ట్రాల శాసనసభల ఆమోదం కూడా అవసరం గనుక అది పూర్తయ్యాక, 1989 మార్చి 28న రాష్ట్రపతి ఆర్. వెంకటరామన్ గారి ఆమోదముద్రతో అమలులోకి వచ్చింది. 326వ అధికరణంలో మారినది ఒకే ఒక మాట. ‘ఇరవై ఒకటి’ పోయి ‘పద్దెనిమిది’ వచ్చింది. ఆ ఒక్క మాటతో కోట్లమంది కొత్తగా ఓటర్లయ్యారు. 1989 ఎన్నికల నాటికి దేశంలో మొత్తం ఓటర్లు దాదాపు 49 కోట్ల 89 లక్షలు.

1989: భయాలు, ఫలితాలు

1989 నవంబరులో మన రాష్ట్రంలో లోక్‌సభకు, శాసనసభకు కలిపి ఎన్నికలు జరిగాయి. నేను ఆనాడు ప్రిసైడింగు ఆఫీసరును. శిక్షణ తరగతిలో మా అందరి ఆందోళనా ఒకటే. ఈ కుర్రకారుతో గొడవలు పెరుగుతాయేమో, దొంగ ఓట్లు పెరుగుతాయేమో, వయసు మీద తగాదాలు వస్తాయేమో అని.

తగాదాలు వచ్చాయి గాని, కుర్రవాళ్ళ వల్ల కాదు, ఏజెంట్ల వల్ల. సన్నగా పీలగా ఉన్న ఒక కుర్రవాణ్ణి చూపించి, ‘వీడికి పదిహేనేళ్ళు కూడా లేవు, ఓటు ఇవ్వకండి’ అని ఒక ఏజెంటు పట్టుబట్టాడు. మన సభ్యులకు తెలిసినదే. జాబితాలో పేరుండి, మనిషి అతనే అయితే, వయసు మీద ఏజెంటు చెప్పే అభ్యంతరం చెల్లదు. మరీ చిన్నవాడిలా కనిపిస్తే వయసు గురించి అతని చేత డిక్లరేషను వ్రాయించుకుని ఓటు ఇవ్వాలి. అలాగే చేశాను. అబద్ధం వ్రాస్తే శిక్ష ఉంటుందని చెప్పాను కూడా. ఆ కుర్రవాడు కాగితం అంతా చదివి, గుండ్రటి అక్షరాలతో సంతకం చేశాడు. అభ్యంతరం చెప్పిన ఏజెంటు అంతకు ముందు నా దగ్గర వేసినది వేలిముద్ర. ఏజెంటును తక్కువ చేయడానికి కాదు ఇది చెప్పడం. చదువుతో పనిలేదని అతనికి ఓటు ఇచ్చిన రాజ్యాంగమే వయసు గీతను జరిపి ఆ కుర్రవాడికీ ఇచ్చింది. ఇద్దరి ఓటూ ఒకే పెట్టెలో పడింది.

యువకుల ఓట్లన్నీ ఒకే వైపు గంపగుత్తగా పడతాయన్నది ఆనాటి ఇంకొక అంచనా. వయసు తగ్గించిన పార్టీకే వారు ఓటు వేస్తారని కొందరు, కొత్తదనం కోరి ఎదురు పార్టీకి వేస్తారని కొందరు అన్నారు. జరిగినదేమిటి? వయసు తగ్గించిన కాంగ్రెసు దేశం మొత్తం మీద 197 స్థానాలకు పడిపోయి అధికారం కోల్పోయింది. అదే కాంగ్రెసు మన రాష్ట్రంలో 42 లోక్‌సభ స్థానాలలో 39 గెలిచింది. శాసనసభలో 294కు 181 స్థానాలు తెచ్చుకుని మర్రి చెన్నారెడ్డి గారి నాయకత్వంలో ప్రభుత్వం ఏర్పాటు చేసింది. నది అవతల రాజమండ్రి లోక్‌సభ స్థానంలో కాంగ్రెసు తరఫున సినీనటి జమున గారు గెలిచారు. ఇవతల మన కొవ్వూరు శాసనసభ స్థానంలో తెలుగుదేశం అభ్యర్థి పెండ్యాల వెంకట కృష్ణారావు (కృష్ణబాబు) గారే మళ్ళీ గెలిచారు. ఒక వంతెనకు అటూ ఇటూ రెండు రకాల తీర్పు. పద్దెనిమిదేళ్ళవారు కూడా మనలాగే తలొక తీరుగా ఆలోచించారని దీనిని బట్టి తెలియడం లేదా?

భయాలు నిజం కానట్లే ఆశలూ పూర్తిగా నిజం కాలేదు. యువకులు వస్తే పోలింగు శాతం ఉరకలు వేస్తుందని అనుకున్నారు. దేశం మొత్తం మీద 1984లో సుమారు 64 శాతం పోలైతే, 1989లో 62 శాతమే పోలయింది.

గీతలు గీసేది మనమే

వయసు గీతల సంగతి పింఛనుదారులకు ఒకరు చెప్పవలసిన పని లేదు. 1983 ఫిబ్రవరిలో మన రాష్ట్ర ప్రభుత్వం పదవీ విరమణ వయసును 58 నుండి 55కు తగ్గించినప్పుడు ఎన్ని కుటుంబాలు తల్లడిల్లాయో మనకు తెలుసు. యువకులకు ఉద్యోగాలు ఇవ్వాలన్నది చెప్పిన కారణం. 1984లో అది తిరిగి 58 అయింది. తగ్గించే అధికారం ప్రభుత్వానికి ఉన్నదని 1985 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. తరువాత 2014లో 60, 2022 జనవరి నుండి 62. మనిషి శరీరం మారలేదు, బుద్ధి మారలేదు. మారినది గీత.

55 నిండిన రోజున మన బుర్ర పనిచేయడం మానేసిందని అంటే మనం ఎంత నొచ్చుకున్నామో, 17 ఏళ్ళ 11 నెలలవాడికి బుద్ధి లేదని, మరునెల వస్తుందని అంటే వాడూ అంతే నొచ్చుకోవాలి. ఏదో ఒకచోట గీత గీయక తప్పదు, నిజమే. కాని దానిని ప్రకృతి ధర్మంగా భావించనక్కరలేదు. పాలనా సౌకర్యం కోసం గీసిన గీత, అవసరమైతే పాలనా సౌకర్యం కోసమే జరపవచ్చు.

పదహారు మాటేమిటి?

బ్రెజిల్‌లో 1988 రాజ్యాంగం 16, 17 ఏళ్ళవారికి ఇష్టమైతే ఓటు వేసే హక్కు ఇచ్చింది. ఆస్ట్రియా 2007లో 16 చేసింది. స్కాట్లాండులో 2014 ప్రజాభిప్రాయ సేకరణలో 16 ఏళ్ళవారు ఓటు వేశారు. ఈ దేశాలేవీ ఆ కారణంగా అల్లకల్లోలమైపోలేదు.

అలాగని రేపే మన లోక్‌సభ ఎన్నికలకు 16 చేయమని నేను అనను. కారణం పిల్లలకు తెలివి లేదని కాదు. మన పదహారేళ్ళ పిల్లలలో చాలామందిని ఇంటర్మీడియెట్ పేరుతో తెల్లవారుజాము నుండి రాత్రి దాకా నాలుగు గోడల మధ్య ఉంచుతున్నాము. వారికి పంచాయతీ సభ ఎలా జరుగుతుందో చూసే తీరిక లేదు. ఊరి రోడ్డుకు డబ్బు ఎక్కడినుండి వస్తుందో తెలుసుకునే వీలు లేదు. ఆ వీలు కల్పించని తప్పు పెద్దలది.

చరిత్ర ఒక దారి చూపిస్తున్నది. 18 ఏళ్ళ ఓటు మొదట స్థానిక సంస్థలలో వచ్చింది, తరువాత పార్లమెంటుకు ఎక్కింది. 326వ అధికరణం లోక్‌సభకు, శాసనసభలకు సంబంధించినది. పంచాయతీ ఓటరు వయసును అది నిర్ణయించదు. కాబట్టి పదహారు మంచిదా కాదా అన్నది ఢిల్లీలో వాదించుకునే బదులు, ఊరి మంచినీళ్ళు, మురుగు కాలువ, గ్రంథాలయం వంటివి తేల్చే పంచాయతీ స్థాయిలో ప్రయత్నించి చూడవచ్చునని నా అభిప్రాయం. ఆ బడికి వెళ్ళేదీ వాళ్ళే, ఆ నీళ్ళు తాగేదీ వాళ్ళే. ఫలితం బాగుంటే పైకి వెళుతుంది, లేకపోతే అక్కడే ఆగుతుంది. దీనితో ఏకీభవించని సభ్యులు ఉంటారని తెలుసు. వారి అభిప్రాయం వచ్చే సంచికలో చదవాలని నాకు కోరిక.

పోటీ చేసే వయసు మాటా ఉంది. పంచాయతీకి 21 ఏళ్ళకే పోటీ చేయవచ్చు. శాసనసభకు, లోక్‌సభకు మాత్రం 25 నిండాలి. దానిని 18కి తగ్గించాలని 2023 ఆగస్టులో పార్లమెంటరీ స్థాయీ సంఘం ఒకటి సిఫారసు చేసింది. రాజ్యసభ వయసు తగ్గించిన దుర్గాబాయి గారి వాదన ఇంకా పాతబడలేదన్నమాట.

ఉన్న హక్కు చేతిలోకి రావాలి

ఇంతకంటే ముఖ్యమైనది ఒకటుంది. 2024 లోక్‌సభ ఎన్నికల ముందు దేశంలో నమోదైన ఓటర్లు 96 కోట్ల 88 లక్షలు. అందులో 18, 19 ఏళ్ళవారు సుమారు 1 కోటి 84 లక్షలే. ఆ వయసు వారిలో సగం మంది పేర్లు కూడా జాబితాలో లేవు. 1952లో పేరు చెప్పుకోలేక ఓటు పోగొట్టుకున్న స్త్రీలను చూసి జాలిపడ్డాము. ఇవాళ డిగ్రీ చదువుతూ, తాను జాబితాలో లేనన్న సంగతే తెలియని మనవణ్ణి చూసి ఏమనుకోవాలి? పద్దెనిమిదికే ఓటు ఇవ్వాలని పార్లమెంటు వారం రోజుల్లో తేల్చింది. ముప్ఫై అయిదేళ్ళు దాటినా ఆ ఓటును మనం ఇంట్లోకి తెచ్చుకోలేకపోతే తప్పు పార్లమెంటుది కాదు.

నా కాలంలో జనవరి 1 ఒక్కటే అర్హత తేదీ. ఆరు నెలలు ఊరికే పోయాయి. 2021 చట్ట సవరణ తరువాత, 2022 నుండి జనవరి 1, ఏప్రిల్ 1, జూలై 1, అక్టోబరు 1 అని నాలుగు తేదీలు వచ్చాయి. 17 నిండినవారు ముందుగానే దరఖాస్తు పెట్టుకోవచ్చు. అందుకు ఫారం 6. బూత్ స్థాయి అధికారి దగ్గర ఇవ్వవచ్చు, లేదా పిల్లలు సెల్‌ఫోనులోనే పంపుకోవచ్చు.

పై చివరన కూడా ఒక గీత ఉంది, అది మన పక్షానిది. 2024 ఎన్నికలలో 85 ఏళ్ళు దాటినవారికి ఇంటి వద్దనే ఓటు వేసే సౌకర్యం కల్పించారు. దానికి ఫారం 12డి ఇవ్వాలి. మన సంఘంలో ఆ వయసు పెద్దలు ఎందరో ఉన్నారు. కదలలేక బూతుకు వెళ్ళడం మానుకున్నవారు ఈ సంగతి తెలుసుకోవాలి.

మన కొవ్వూరు మద్రాసు రాష్ట్రం నుండి ఆంధ్ర రాష్ట్రానికి, అక్కడినుండి ఆంధ్రప్రదేశ్‌కు మారింది. 2022 ఏప్రిల్‌లో పశ్చిమ గోదావరి నుండి తూర్పు గోదావరికి కూడా మారింది. ఎన్ని మారినా ఓటరు జాబితా మాత్రం ఇంటి నెంబరు వారీగానే నడుస్తున్నది. సభ్యులకు నాదొక మనవి. ఈ సంచిక చదివి పక్కన పెట్టే ముందు, మీ ఇంట్లో 17 నిండిన మనవడో మనవరాలో ఉంటే పిలిచి, ‘జాబితాలో నీ పేరు ఉందా?’ అని అడగండి. లేదంటే ఫారం 6 నింపించండి. ఎవరికి ఓటు వేయాలో చెప్పకండి. అది వారి ఇష్టం. ఎలా వేయాలో, ఎంత శ్రద్ధగా వేయాలో మాత్రం చెప్పండి. దశాబ్దాల పాటు ఊరందరి ఓట్లకు కాపలా కాసిన మనకు, ఆ చెప్పే అర్హత ఇంకా ఉంది.